ఎడమచేతి దారులు

ఢిల్లీ ఆర్కే పురంలోని ఆ సర్కారీ క్వార్టర్లలో చలికాలపు ఉదయాలు సదాశివరావుగారి దగ్గుతో మొదలయ్యేవి. ఐదున్నరకి లేచి, అల్లం దంచి చాయ్ పెట్టి, కూతురి గది తలుపు మీద రెండుసార్లు తట్టేవారు. వైశాలి అప్పటికే మంచం అంచున కూర్చుని బూట్లు బిగించుకుంటూ ఉండేది. ఇద్దరూ వంటింట్లోనే నిలబడి చాయ్ తాగేవారు. ఆరేళ్ళ కిందట వైశాలి తల్లి పోయినప్పటి నుంచీ ఆ ఇంట్లో పొద్దుటిపూట మాటలు తక్కువే. ఒకరి కప్పు మరొకరు కడిగిపెట్టేవారు, అంతే.

తర్వాత వైశాలి బంతి చంకలో పెట్టుకుని బ్లాకుల వెనకున్న బాస్కెట్‌బాల్ కోర్టుకి వెళ్ళేది. ఆయన పాల బూత్‌కి వెళ్ళేవారు.

"ఎలా ఉంది భయ్యా ఇవాళ?" అని బూత్ లోపలి మనిషిని అడిగేవారు.

"మంచు బాగా దట్టంగా ఉంది అంకుల్‌జీ. కోర్టులో పాతవన్నీ కనిపిస్తున్నాయి."

పాతవంటే బంతి దారులు. ఆ కోర్టు మీదికి పొగమంచు దిగినప్పుడు, ఎప్పుడో ఒకప్పుడు బంతి గాల్లో వెళ్ళిన చోటల్లా మంచు పూడకుండా ఉండిపోయేది. బంతి మందాన బోలుగా, వంపు తిరిగి రింగు దాకా వెళ్ళేవి కొన్ని. బోర్డుకి కొట్టుకుని విరిగేవి కొన్ని. గురి తప్పి రోడ్డు మీదికి పోయేవి బోలెడు. మంచు పల్చగా ఉంటే నిన్నామొన్నటివే కనబడేవి, చిక్కబడేకొద్దీ వెనకటివి తేలేవి. డెబ్భైల నాటి దారులు కనబడ్డాయంటే ఆ రోజు ఆఫీసులకి తీసుకెళ్ళే చార్టర్డ్ బస్సు తొమ్మిదిన్నరకి గానీ రాదని కాలనీవాళ్ళకి తెలుసు. తీరిగ్గా ఇంకో పరాఠా వేసుకునేవారు.

అది రెండువేల ఐదు డిసెంబరు. వైశాలికి ఇరవై ఒకటి. పందొమ్మిదో ఏట ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆటగాళ్ళ కోటాలో ఆమెను తన జట్టులోకి తీసుకుంది. పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం దాకా డిస్పాచ్ సెక్షన్‌లో కవర్ల మీద ముద్రలు, సాయంత్రం మళ్ళీ ప్రాక్టీసు. రెండేళ్ళ ప్రొబేషన్ మార్చి ఆఖరికి పూర్తవుతుంది. ఐదడుగుల పదకొండంగుళాల పిల్ల. చేతులు చాపి నిలబడిందంటే ఎదుటివాళ్ళకి రింగు కనబడేది కాదు. అడ్డుకోవడంలో జట్టులో ఆమె తర్వాతే ఎవరైనా. కానీ బంతి తన చేతికొస్తే మాత్రం, వేడి గిన్నె పట్టుకున్నదానిలా గబుక్కున ఎవరికో ఒకరికి ఇచ్చేసేది.

ఆ అలవాటు ఈ కోర్టులోనే పడింది. చిన్నప్పుడు కాలనీలో ఆడేవాళ్ళందరూ మగపిల్లలే. "వచ్చి ఆడుకో, కానీ బంతి వస్తే మాకిచ్చెయ్యాలి" అన్నది వాళ్ళ షరతు. తొమ్మిదేళ్ళ వైశాలి సంతోషంగా ఒప్పుకుంది. అలా పదేళ్ళు ఇచ్చేస్తూనే ఆడింది. ఇవ్వడమే ఆట అనుకుంది.

కోచ్ దశరథ్ సర్ హర్యానా మనిషి. మంచివాడే, మాట మాత్రం గరుకు. కొత్త సంవత్సరం రాకముందే ఒక సాయంత్రం ఆమెను పక్కకి పిలిచాడు.

"దేఖ్ బేటీ, అడ్డం నిలబడటానికైతే నాకు గోడ చాలు. నాకు పాయింట్లు కావాలి. ఫిబ్రవరి టోర్నమెంటులో నువ్వు వెయ్యకపోతే పైవాళ్ళకి నేనేం రాయను? నీ చోటు కోసం ఇద్దరు అమ్మాయిలు ట్రయల్‌కి రెడీగా ఉన్నారు."

"జీ సర్," అంది వైశాలి. ఇంటికొచ్చి అన్నంలో చెయ్యి పెట్టి కెలుకుతూ కూర్చుంది.

"ఏమైంది వైశూ?" అన్నారు తండ్రి.

"కుఛ్ నహీ నాన్నా. ఏం లేదు."

"కుఛ్ నహీ అయితే తిను మరి."

తినలేదు. ఆయనా తినలేదు.

మర్నాటి నుంచి ఆమె ఇంకో గంట ముందు లేవసాగింది. రింగు చుట్టూ తిరుగుతూ వందల కొద్దీ వేసింది. కుడిచేత్తో వేసే ఆమె బంతి బల్లపరుపుగా వెళ్ళి రింగు అంచుకి కొట్టుకుని వచ్చేది. మంచులో ఆమె దారులన్నీ అలాగే, అంచు దగ్గర విరిగి కింద పడి ఉండేవి. వాటిని చూస్తూ వెయ్యడం మహా కష్టంగా ఉండేది.

ఒకరోజు మంచు బాగా చిక్కగా పడింది. అప్పుడు చూసిందామె, ఎడమవైపు నుంచి లేచిన కొన్ని దారుల్ని. చిన్నప్పటి నుంచీ ఉన్నవే, ఎప్పుడూ పట్టించుకోలేదు. నేల మీద రెండే రెండు బలమైన గంతులు, మూడోది లేదు. అక్కడ ఆగి, నిట్టనిలువుగా లేచి, చాలా ఎత్తున వంగి, దారం సూదిలోకి దిగినట్టు రింగు మధ్యలోంచి దిగిపోయాయి. అలాంటివి పాతికో ముప్ఫయ్యో ఉన్నాయి. ఒక్కటీ అంచుని తాకలేదు.

జాకెట్ ఇవ్వడానికి వచ్చిన తండ్రిని అడిగింది. "నాన్నా, యే కిస్కే హై?"

"అవా? నాలుగువందల పన్నెండులో ఉంటారే, కృష్ణకుమారిగారు, ఆవిడవి. నేనీ కాలనీకి రాకముందువి. అరవై తొమ్మిది నుంచి డెబ్భై నాలుగు దాకా ఆడారట."

"కృష్ణకుమారి ఆంటీనా?" వైశాలి నమ్మలేకపోయింది. ఏదో మంత్రిత్వ శాఖలో ప్రైవేట్ సెక్రటరీ. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఊలుతో ఏదో ఒకటి అల్లుతూ ఉండే మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మార్చిలో రిటైరై గుంటూరు వెళ్ళిపోతున్నారని అందరూ అనుకుంటున్నారు.

"ఆవిడ మంచు పడ్డ రోజుల్లో ఇటు రారమ్మా," అన్నారు సదాశివరావు. "మార్కెట్ వైపు నుంచి చుట్టు తిరిగి బస్‌స్టాపుకి వెళ్తారు. నువ్వు గమనించలేదా?"

ఆదివారం వైశాలి నాలుగువందల పన్నెండు తలుపు కొట్టింది. కృష్ణకుమారి తలుపు తీసి, పిల్లని కిందినుంచి పైదాకా చూసి, "లోపలికి రా. తల జాగ్రత్త, ట్యూబులైటు తగుల్తుంది," అంది.

వైశాలి సోఫా అంచున కూర్చుంది. ఏ సాకూ అనుకుని రాలేదు. అందుకే ఉన్నమాట చెప్పేసింది. ప్రొబేషన్ సంగతి, దశరథ్ సర్ అన్న గోడ మాట, మంచులో చూసిన దారులు. తెలుగులో మొదలుపెట్టి, సగంలో హిందీలోకి జారిపోయి, "ఆప్ సిఖాయేంగీ? నాకు నేర్పిస్తారా?" అని ముగించింది.

"నాకేం గుర్తున్నాయమ్మా ఇప్పుడు," అంది కృష్ణకుమారి. కాసేపు ఊలు చుట్టుకుంది. తర్వాత ఉన్నట్టుండి చేతిలోని ఊలుండని వైశాలి మొహం మీదికి విసిరింది. వైశాలి చటుక్కున పట్టుకుంది.

"ఏ చేత్తో పట్టుకున్నావో చూసుకో."

ఎడమచెయ్యి.

"పుట్టుకతోనే ఎడమచేతివాటం. మాన్పించారు కదూ?"

వైశాలికి నానమ్మ గుర్తొచ్చింది. సెలవులకి బాపట్ల వెళ్ళినప్పుడల్లా అన్నం దగ్గర ఎడమచేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసేది. అది ఆటలా ఉండేదప్పుడు. రెండు వేసవుల్లో కుడిచెయ్యి అలవాటైపోయింది.

"నాకూ కట్టారు. నేను విప్పేసుకున్నాను," అంది కృష్ణకుమారి. "సరే, ఇంకోటి చెప్పు. బంతి చేతిలోకి రాగానే ముందు ఎటు చూస్తావు?"

"ఎవరికివ్వాలా అని చూస్తాను ఆంటీ."

"నీ ఎదుట నిలబడ్డదానికి అది తెలిసిపోతుంది. ఇంక నీకు భయపడటమెందుకు? ముందు రింగుని చూడు. చివరికి ఇచ్చేద్దామనుకున్నా సరే, ముందు రింగునే చూడు."

అలా మొదలైంది. ఆమె కోర్టుకి రానంది. రోజూ రాత్రి వైశాలి ప్రాక్టీసు నుంచి రాగానే మేడ మీద లైటు వెలుగులో, నీళ్ళ ట్యాంకు గోడ దగ్గర పాఠం. గోడ మీద సుద్దతో గీత గీసింది. తను పిట్టగోడ మీద కూర్చుని స్వెట్టరు అల్లుతూ చెప్పేది. ఎడమచేత్తో వెయ్యి. మోచెయ్యి బయటికి పోతోంది, లోపలికి తే. బంతిని తొయ్యకు, వేళ్ళ చివర్ల నుంచి వదిలిపెట్టు. మోకాళ్ళు ముందు, చెయ్యి తర్వాత. మొదటి వారం వైశాలి ఎడమచెయ్యి చంటిపిల్ల చెయ్యిలా తడబడింది. రెండోవారం భుజం వాచింది. ఆంటీ వేడినీళ్ళ సంచి పెట్టి, ముల్లంగి పరాఠా తినిపించి, "ఇంకో యాభై," అనేది.

ఒకరోజు అల్లిక ఆపి అడిగింది. "నువ్వు అడ్డుకోవడంలో గట్టిదానివి కదా. నిన్ను దాటిపోయేవాళ్ళలో ఎవరంటే నీకు చిరాకు? వేగంగా పరిగెత్తేవాళ్ళా?"

వైశాలి ఆలోచించింది. "నహీ ఆంటీ. వేగంగా వచ్చేవాళ్ళని పట్టుకుంటాను. ఆగిపోయేవాళ్ళంటే కష్టం. నేను వెనక్కి పరిగెడుతూ ఉంటాను, వాళ్ళు చటుక్కున ఆగిపోతారు."

"అదే నువ్వు చెయ్యి. నిన్ను ఏడిపించినవన్నీ ఇప్పుడు నువ్వు వాళ్ళకి చెయ్యి. నీకు కొత్తగా నేర్పేదేముంది? ఆట సగం నీకు వచ్చు, అవతలి పక్కనుంచి వచ్చు. అంతే."

ఆ మాట వైశాలి లోపల ఏదో కదిపింది. బంతిని నేలకి కొడుతూ రెండు బలమైన డ్రిబుల్స్, ఆగడం, లేవడం. ఎదుట తనే నిలబడి ఉన్నట్టు ఊహించుకుని, తన పాదాల బరువు ఎప్పుడు వెనక్కి పోతుందో చూసి ఆగేది.

"ఆంటీ, మీరు ఎందుకు మానేశారు?" అని ఒకరోజు అడిగేసింది.

"మానెయ్యలేదు," అంది కృష్ణకుమారి. "ప్రమోషన్ వచ్చింది. ఒక పెద్ద ఆఫీసరు దగ్గర వేశారు. ఆయన డిక్టేషను సాయంత్రం ఆరింటికి మొదలయ్యేది. అందరూ స్వీట్లు పంచమన్నారు, పంచాను. వచ్చేవారం వెళ్దాం కోర్టుకి అనుకున్నాను. వచ్చేవారం, వచ్చేవారం అనుకుంటూనే ముప్ఫయ్యొక్క ఏళ్ళయింది."

"మరి వెళ్ళి చూడొచ్చుగా?"

"అక్కడ ఆడుతున్న పిల్లకి నేనేమయ్యానో తెలీదుగా అమ్మా. తెలియకుండా ఉండనీ."

జనవరి మధ్యలో ఢిల్లీ మొత్తం మూసుకుపోయింది. విమానాలు ఆగిపోయాయి. పక్క బ్లాకు కనబడలేదు. వైశాలి ఎడమచేతి బంతి పదికి ఆరుసార్లు పడుతోంది గానీ, ఇంకా వంపు చాలడం లేదు. ఎక్కడ వదలాలో మేడ మీద ఎంత చెప్పినా అంతుపట్టడం లేదు. ఆ పొద్దున ఆమె నాలుగువందల పన్నెండు గుమ్మంలో నిలబడింది.

"ఆంటీ, ఒక్కసారి రండి. ప్లీజ్. నేను పక్కనే ఉంటాను."

కృష్ణకుమారి శాలువా కప్పుకుని, కాన్వాసు బూట్లు తొడుక్కుంది.

కోర్టు నిండా దారులు. ఆమె మెల్లగా వాటి మధ్యలోకి నడిచింది. కొమ్మల్ని తప్పించుకున్నట్టు తల వంచి, చేత్తో తాకకుండా, ఒక్కోదాని కింద ఆగి పైకి చూసింది. ఎడమవైపు మూల నుంచి, గీత దగ్గర్నుంచి, బోర్డు వెనక నుంచి తిరిగి వచ్చి వేసినవి. అన్నీ చూసింది. వైశాలి కదలకుండా నిలబడింది.

"నేను మామూలుగా ఆడేదాన్ని అనుకున్నానే," అంది కృష్ణకుమారి చివరికి. "ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను. పోయిందేముంది, పెద్ద ఆటగత్తెనా ఏంటి అనుకుంటే ఆఫీసుకి వెళ్ళబుద్ధేసేది. చూడు, ఎంత బాగా ఆడేదో ఈ పిల్ల."

శాలువా కొంగుతో మొహం ఒత్తుకుంది. ఏడుస్తుందేమో అనుకుంది వైశాలి. కానీ ఆమె వెంటనే రెండడుగులు వెనక్కి వేసి, ఒక దారి మొదలైన చోట వైశాలిని నిలబెట్టింది. వైశాలి ఎడమ మణికట్టు పట్టుకుని పైకెత్తి, ఆ బోలు మొదట్లోకి చేర్చింది. "ఇదిగో, ఇక్కడ వదలాలి. నువ్వు జానెడు ముందే వదిలేస్తున్నావు. తొందరెందుకు? బంతి నీది."

ఆ తర్వాత నుంచి కృష్ణకుమారి రోజూ కోర్టుకే వచ్చింది.

ఫిబ్రవరి మొదటివారం టోర్నమెంటు గుర్గావ్‌లో, ఇండోర్ హాల్లో. లోపల వెలుతురు, విజిళ్ళు, ఎవరెవరివో కేకలు. క్వార్టర్ ఫైనల్లో దశరథ్ సర్ వైశాలిని ఎనిమిది నిమిషాలు ఆడించాడు, ఎప్పటిలాగే రింగు కింద, వీపు తిప్పి నిలబడే చోట. అక్కడ బంతి అందితే ఆమెకి చుట్టూ చేతులే కనబడ్డాయి. నాలుగుసార్లు ఇచ్చేసింది. రెండుసార్లు ఎడమచేత్తో వేసింది. రెండూ తప్పాయి.

"ఈ ఎడమచెయ్యి ఏంటి కొత్తగా!" అని సర్ అరిచి బయటికి పిలిచేశాడు. జట్టు పదకొండు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. ఇంటికొచ్చిన వైశాలి బంతిని మంచం కిందికి తోసి పడుకుంది. పొద్దున తండ్రి తలుపు తట్టలేదు. ఐదున్నర దాటాక ఆమే లేచి, బంతి బయటికి లాక్కుని వెళ్ళింది.

తర్వాతి ఆదివారం, వాన వెలిసిన మర్నాడు, చివరిసారి పొగమంచు దిగింది. ఆ పొద్దున దశరథ్ సర్ సదాశివరావుగారింటికి స్కూటరు మీద వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"రావ్‌సాబ్, కాగితం అందేలోగా నేనే స్వయంగా చెబుదామని వచ్చాను. అమ్మాయి ప్రొబేషన్‌కి పొడిగింపు దొరకడం కూడా కష్టం."

సదాశివరావు టోపీ సరిచేసుకున్నారు. "పిల్ల కోర్టులో ఉంది. తనకే చెప్పండి, రండి."

దశరథ్ సర్ కోర్టు అంచున ఆగాడు. దారుల్ని చూసి ఆశ్చర్యపోలేదు. వాళ్ళ ఊళ్ళో చెరుకు తోటల మీద మంచు పక్షులు వెళ్ళిన దారుల్ని ఇలాగే పట్టి ఉంచుతుంది. కానీ కోచ్ కదా, చదవడం మొదలుపెట్టాడు. కుడిచేతి గీతలు, అంచు దగ్గర విరిగినవి. వాటి మీద ఎడమచేతి గీతలు, మొదట వంకరగా, రోజురోజుకీ ఎత్తుగా. వందలున్నాయి. ఇవన్నీ తన ప్రాక్టీసుకి రాకముందు వేసినవి. వాటి వెనక ఇంకెవరివో పాతవి, చాలా గొప్పవి. కొత్తవి వాటి దగ్గరికి జరుగుతూ జరుగుతూ వచ్చాయి.

బెంచీ మీద శాలువా కప్పుకుని కూర్చున్న కృష్ణకుమారి వైపు ఒకసారి చూసి, ఆయన జాకెట్ విప్పాడు. యాభై రెండేళ్ళ మనిషి వచ్చి వైశాలి ఎదుట చేతులు చాపి నిలబడ్డాడు.

"ఆ, ఆడు."

వైశాలి రింగుని చూసింది. ఎడమవైపు రెండు డ్రిబుల్స్. ఆయన వెనక్కి పరిగెత్తాడు. ఆమె ఆగిపోయింది. ఆయన మడమల మీద ఊగుతుండగానే లేచి వదిలింది. బంతి ముప్ఫయ్యేళ్ళ నాటి ఒక పాత దారిలోకి ప్రవేశించి, అందులోంచే వెళ్ళి, అందులోంచే దిగింది. చుట్టూ మంచు రేణువంత కూడా కదల్లేదు.

ఇంకోసారన్నాడాయన. ఇంకోసారి. ఏడోసారికి ఆయన నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"మరి మ్యాచ్‌లో ఇది ఎక్కడికి పోయింది బేటీ?"

జవాబు కృష్ణకుమారి చెప్పింది, ముప్ఫయ్యేడేళ్ళ ఢిల్లీ హిందీలో, గుంటూరు యాసతో. "మీరు పిల్లని రింగు కింద వీపు తిప్పి నిలబెడితే ఎక్కణ్ణుంచి వస్తుందండీ? మొహం రింగు వైపు ఉండేచోట నిలబెట్టి బంతి ఇవ్వండి."

దశరథ్ సర్‌కి కోపం వస్తుందేమోనని సదాశివరావు కంగారుపడ్డారు. ఆయన మాత్రం ఆ పాత దారుల్ని ఇంకోసారి చూసి, "ఇవి మీవా?" అన్నాడు. ఆమె అవునంది.

ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీసి, చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఆరు నెలల పొడిగింపు అడుగుతాను. నా పూచీ మీద అడుగుతాను. కానీ మేడమ్, మీరు కూడా రావాలి. నాకు ఇది నేర్పడం రాదు."

"నేను మార్చి ఆఖర్న రిటైర్ అవుతున్నానండీ. గుంటూరులో చెల్లెలు గది ఖాళీ చేయించి ఉంచింది."

ఎండ వస్తున్నట్టుంది, దారులు ఒక్కొక్కటే కరుగుతున్నాయి. కృష్ణకుమారి వాటినే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, శాలువా దులిపి భుజాన వేసుకుంది.

"ప్రాక్టీసు ఎన్నింటికండీ?"

సెప్టెంబరులో జట్టు టోర్నమెంటుకి లూధియానా వెళ్ళింది. ఆ సాయంత్రం సదాశివరావుగారు ఫోను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఏడు గంటలకి మోగింది.

"నాన్నా, గెలిచాం!"

"అచ్ఛా! నువ్వెన్ని వేశావు?"

"ఇరవై ఒకటి. నన్ను పర్మనెంట్ చెయ్యమని సర్ ఫైలు పైకి పంపేస్తారట. ఆంటీ అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకున్నారు, సైగలు చేస్తున్నారు." వెనక ఆడపిల్లల నవ్వులు, ఎవరో డబ్బా మీద వాయిస్తున్న చప్పుడు. "చివర్లో స్కోరు సమానం నాన్నా. ఆరు సెకన్లున్నాయి. బంతి నాకే వచ్చింది."

"వేసేశావా?"

"లేదు. ఇచ్చేశాను."

సదాశివరావుగారు కుర్చీలో ముందుకి జరిగారు. "ఇచ్చేశావా! మళ్ళీ ఎందుకమ్మా?"

"నా మీదికి ముగ్గురొచ్చేశారు నాన్నా," అంది వైశాలి. ఆమె గొంతులో ఆయన అంతకుముందెన్నడూ వినని నవ్వు వినబడింది. "రింగు దగ్గర మా అమ్మాయి ఒక్కత్తే ఖాళీగా ఉండిపోయింది. ముగ్గురు, నాన్నా! నన్ను చూసి భయపడి!"